అపరిచితుల చేతిలో ఊపిరి

చీర రంగు దిగితే కాసేపు బాధపడతాం. మిక్సీ పాడైతే అమ్మినవాణ్ణి నాలుగు తిట్టుకుని మరమ్మతు చేయించుకుంటాం. స్కూబా డైవింగ్‌లో వాడే రెగ్యులేటర్ సంగతి అలా కాదు. సిలిండర్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడితో కూరి ఉన్న గాలిని, నీటిలో మనం ఉన్న లోతుకి తగిన ఒత్తిడికి దించి నోటికి అందించే పనిముట్టు అది. జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు 1943లో దానికి వాడుకకి పనికొచ్చే రూపం ఇచ్చారు. 20 మీటర్ల లోతున అది మొరాయిస్తే కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యలేం. అలాంటి వస్తువుని ముఖం తెలియని అమ్మకందారు దగ్గర, ముఖం తెలియని మరికొందరు కొనుగోలుదారుల మాట పట్టుకుని కొనడమంటే ఏం చేస్తున్నట్టు? కొన్నాక దాని గురించి నిజం చెప్పాల్సిన బాధ్యత నాకు ఎవరి పట్ల ఉంటుంది? కొంతకాలంగా ఈ రెండు ప్రశ్నలూ నన్ను వదలడం లేదు.

డైవింగ్ ఖరీదైన సరదా. ఈ పేజీల్లో దాని గురించి రాయడానికి కొంచెం సంకోచించాను కూడా. కానీ నా పిహెచ్‌డి స్త్రీల ఆత్మకథల మీద. ఒక స్త్రీ తన ఒంటికి జరిగినదాన్ని చెప్పినప్పుడు ఎవరు నమ్ముతారు, ఎవరు నమ్మరు, ఎందుకు నమ్మరు అన్నదే అయిదేళ్ళపాటు నా పని. ముప్పై ఒకటో ఏట అండమాన్‌లో డైవింగ్ నేర్చుకుని, తరవాత విశాఖ ఋషికొండ దగ్గర సాధన చేస్తూ సొంత సామాను కొనుక్కోబోయినప్పుడు, అదే ప్రశ్న నీళ్ళలో కూడా ఎదురొస్తుందని నాకు తోచలేదు.

ఆనెట్ బేయర్ అనే తత్వవేత్త 1986లో నమ్మకం మీద ఒక వ్యాసం రాసింది. మనకి విలువైనదాన్ని ఇతరుల చేతికి అప్పగించి, హాని చెయ్యగల శక్తి వాళ్ళకుందని తెలిసీ వాళ్ళు చెయ్యరని నిశ్చింతగా ఉండడమే నమ్మకం అంటుందామె. నీతిని సమానుల మధ్య ఒప్పందంగా చూసిన తత్వవేత్తలు ఎక్కువగా పురుషులనీ, పసిబిడ్డకి తల్లి మీద ఉండే నమ్మకంలాంటిది, అసమానుల మధ్య పత్రం రాసుకోని నమ్మకం, వాళ్ళ లెక్కలోకి రాలేదనీ ఎత్తిచూపింది. ఆన్‌లైన్ కొనుగోలు చూడడానికి ఆ ఒప్పందానికి అచ్చమైన నమూనా. ధర, వారంటీ, వాపసు నిబంధనలు, కింద ‘నేను అంగీకరిస్తున్నాను’ అనే చిన్న గడి. నేను కొంటున్నది మాత్రం ఇంకొకరి శ్రద్ధని. రబ్బరు వలయం సరిగ్గా కూర్చోబెట్టారా లేదా అన్నది ఏ గడిలోనూ ఉండదు.

పైగా ఈ వ్యాపారంలో ఒక దొడ్డిదారి ఉంది. 2000ల తొలినాళ్ళలో కొన్ని పేరున్న తయారీ కంపెనీలు తమ సామానుని ఇంటర్నెట్‌లో అమ్మకూడదని డీలర్లని కట్టడి చేశాయి. ఊపిరితో ముడిపడ్డ వస్తువుని చేత్తో చూపించి, అమర్చి, నేర్పి అమ్మాలన్నది వాళ్ళు చెప్పిన కారణం. ధరలు పడిపోకుండా కాపాడుకోవడం చెప్పని కారణమని కొనేవాళ్ళ అనుమానం. ఆ ఖాళీలోకి అనధికార అమ్మకందారులు వచ్చారు. వస్తువు అసలుదే, ధర తక్కువే. కానీ తయారీదారు వారంటీ దానికి వర్తించదు, అమ్మినవాడి వారంటీయే దిక్కు. కొన్నిటి మీద సీరియల్ నంబరు కూడా గీకేసి ఉండేది.

నేను విదేశీ సైట్‌లో తెప్పించుకున్నది అలాంటిదే. తక్కువ లోతులో బాగానే ఉండేది. 18 మీటర్లు దాటాక గాలిని లాక్కోవాల్సి వచ్చేది, సన్నటి గొట్టంతో చిక్కటి లస్సీ పీల్చినట్టు. కంపెనీకి రాశాను. ‘మీరు కొత్త డైవరా? కంగారుపడితే అలా అనిపించడం సహజం. నెమ్మదిగా, లోతుగా శ్వాసించడం సాధన చెయ్యండి’ అని జవాబు. అప్పటికి అరవై పైచిలుకు డైవ్‌లు చేశాను. ఆ సంఖ్య కూడా రాశాను, దాని మీద ఎవరూ ఏమీ అనలేదు. నా ఊపిరి బరువైందని నేనంటే, అది నా మనసు బలహీనత అని వాళ్ళంటున్నారు. ఛాతీలో నొప్పి అంటే గ్యాస్ అనీ, నెలసరి నొప్పి అంటే అలవాటైపోతుందనీ విన్నవాళ్ళకి ఈ జవాబులో కొత్తదేమీ కనిపించదు. మిరండా ఫ్రికర్ 2007లో వచ్చిన పుస్తకంలో దీనికి పేరు పెట్టింది. మాట్లాడేది ఎవరో చూసి ఆ మాట విలువని ముందే తగ్గించెయ్యడం సాక్ష్యానికి జరిగే అన్యాయం.

విశాఖలో ఒక మెకానిక్ దానికి గేజ్ పెట్టి చూస్తే, దాదాపు 9 బార్లు ఉండాల్సిన మధ్య ఒత్తిడి 7 దగ్గరే ఆగింది. అదే సంగతిని నాతో డైవ్ చేసే ఒకతను తన పేరుతో రాశాడు. రెండో రోజే అతన్ని గేజ్ ఫోటో పంపమని అడిగారు. ఒక్క ఉదంతంతో సిద్ధాంతం కట్టను. బహుశా ఆ రోజు జవాబులు రాసే మనిషి మారి ఉండొచ్చు. కానీ ఆ ‘బహుశా’ని ప్రతిసారీ మనమే సరఫరా చెయ్యాల్సి రావడం విసుగనిపిస్తుంది.

జాకెట్ సంగతి వేరే కథ. నీళ్ళలో తేలడాన్ని అదుపు చేసే ఈ గాలి జాకెట్ సైజు పట్టికలో చిన్న, మధ్య, పెద్ద అని ఉంటుంది. ఎవరి ఒంటికి చిన్న? పొడుగు మొండెం, వెడల్పు భుజాలు, చదునైన ఛాతీని కొలతగా పెట్టుకుంటే స్త్రీ చిన్న సైజు మగవాడిలా కనిపిస్తుంది. స్త్రీల కోసమంటూ చేసిన వాటిలో కొన్నిటికి గులాబీ అంచు తప్ప వేరే తేడా ఉండదు. ఛాతీ పట్టీ ఎక్కడ పడుతుంది, గాలి నింపితే పక్కటెముకలు నొక్కుకుంటాయా, నీటిపైకి వచ్చాక జాకెట్ చెవుల దాకా ఎగదన్నుతుందా - ఇవి పట్టికలో ఉండవు. కొన్న ఆడవాళ్ళు రాస్తేనే తెలుస్తాయి. రాయాలంటే వాళ్ళు తమ ఎత్తు, నడుము, రొమ్ము కొలతలు అపరిచితులందరి ముందూ పెట్టాలి. ఒకామె అలా రాసిన దాని కింద ఎవడో ‘ఫోటో కూడా పెట్టండి’ అని రాశాడు. అయినా ఆమె తన మాట తీసెయ్యలేదు. నా జాకెట్ నేను ఆమె మాట మీదే కొన్నాను. సరిగ్గా సరిపోయింది. ఆమె ఏ దేశమో కూడా నాకు తెలియదు.

ఈ జ్ఞానం ఒకప్పుడు పక్కపక్కన మునిగేవాళ్ళ మధ్య నడిచేది. కొరియాలో జెజు ద్వీపపు హేన్యో స్త్రీలని తీసుకోండి (2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని జాబితాలో చేర్చింది). సిలిండర్ వాడకూడదని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. సముద్రాన్ని ఖాళీ చెయ్యకుండా ఉండడానికి. ఎంత ఊపిరి మిగిలి ఉండగా పైకి రావాలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి మంట చుట్టూ కూర్చుని చెబుతారు. మనకి దగ్గర్లో, మన్నార్ సింధుశాఖలో నాచు ఏరే స్త్రీలు చీర మీద టీషర్టు తొడుక్కుని, వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని మునుగుతారు. వాళ్ళ ఒంటికి సరిపడే సామాను ఎవరూ అమ్మజూపలేదు. వాళ్ళని చూసి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ పేలికల వెనక ఉన్నది పేదరికం.

చట్టం కొంత దూరం వచ్చింది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అమ్మేవాడు కొనేవాడి వేషం వేసి పొగడ్తలు రాసుకోకూడదు. అబద్ధపు పొగడ్త గురించి చట్టం ఆలోచించింది. డబ్బిచ్చి నోరు మూయించడం దగ్గరికొచ్చేసరికి మన మనస్సాక్షే మిగులుతుంది. నాకు జరిగింది అదే. నా అనుభవం వాళ్ళ పేజీలోనే రాశాక కంపెనీ స్వరం మారింది. పూర్తి డబ్బు వాపసు, వస్తువు కూడా తిరిగి పంపనక్కర్లేదు, రాసింది మాత్రం తీసెయ్యాలి. ముప్పై నాలుగు వేల రూపాయలు. కాంట్రాక్టు అధ్యాపకురాలికి అది చిన్న మొత్తం కాదు.

మా కాలేజీలో ఫిలాసఫీ చెప్పే స్నేహితురాలు తీసుకోమంది. ‘నువ్వు రాసింది ఇప్పటికే చదవాల్సినవాళ్ళు చదివారు. ఊరూపేరూ తెలియనివాళ్ళ కోసం నష్టపోవడం ఆడదాని ధర్మం అని ఎవరు చెప్పారే నీకు? త్యాగానికి కొత్త పేరు పెట్టకు’ అంది. ఆ మాట నన్ను గట్టిగానే తాకింది, ఎందుకంటే అందులో నిజముంది. సంరక్షణ గురించి మనం రాసుకున్న నీతి అంతా తిరిగి మన మెడకే చుట్టుకున్న సందర్భాలు తక్కువేం కాదు. కానీ త్యాగంలో మనది కానిదేదో వాళ్ళకిస్తాం అన్న భావన ఉండదు, మనదే ఇస్తాం. నా ఊపిరి 18 మీటర్ల దగ్గర బరువైంది అన్న వాక్యం పూర్తిగా నాది కాదు. జాకెట్ కొలతలు రాసిన ఆమె మాట లాగే, రాసిన క్షణంలోనే అది ఇంకెవరి చేతిలోకో వెళ్ళింది. దాన్ని నేను అమ్మితే, నాది కానిదాన్ని అమ్మినట్టు. తీసెయ్యనని రాశాను. నా స్నేహితురాలు ఇప్పటికీ ఒప్పుకోలేదు, తన వాదన ఓడిపోయిందని నేనూ అనను.

డబ్బు రాలేదు. మెకానిక్ విడిభాగాలు తెప్పించి సరిచేశాడు, దానికి మరో నాలుగు వేలయింది. ఆ మధ్య కొచ్చి నుంచి ఒకమ్మాయి రాసింది, రెగ్యులేటర్ గురించి కాదు, నేను వాడే జాకెట్ గురించి: ‘మీకు భుజం నుంచి నడుము దాకా కొలత ఎంత ఉంటుందండీ?’ టేపు వెతుక్కుని, అమ్మని పట్టుకోమని కొలిచి, పదహారంగుళాలని రాసి పంపాను.