నేలకు మొదటి నైవేద్యం

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగి వచ్చాక భోగాపురం పల్లెల్లో కొత్త ఇళ్లు కడుతున్న వాళ్లకు తొందర మొదలవుతుంది. కార్తీక, మార్గశిరాలు గృహప్రవేశానికి పెద్దలు ఒప్పుకున్న మాసాలు. ఆ వెంటనే వచ్చే పుష్యం శూన్యమాసం. మార్గశిరం దాటిపోతే మాఘం దాకా ఆగాలి. రంగులు తర్వాత వేసుకోవచ్చు, ముందు గడపకు పసుపు రాయండి అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. తాటాకు చుట్టిళ్లలో తుఫాన్లు గడిపిన తీరం ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి విన్నవారికి చలి ముదిరేలోగా గట్టి కప్పు కిందికి చేరాలన్న ఆత్రం ఎందుకో ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే ఈ మండలంలో కొన్ని కొత్త ఇళ్లు సొంత ఊరిని వదులుకున్నాక లేచినవి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయం సుమారు 2,200 ఎకరాల్లో వచ్చింది. దానికోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యాయి. ఆ కుటుంబాలకు గూడెపువలస, లింగాలవలసల్లో పునరావాస కాలనీలు వెలిశాయి. 2023 మే 3న విమానాశ్రయం పనులకు శంకుస్థాపన జరిగింది.

గృహప్రవేశాన్ని మన శాస్త్రం మూడు రకాలుగా చెప్పింది. కొత్తగా కట్టిన ఇంట్లోకి వెళ్లడం అపూర్వం. దూరప్రయాణం చేసి తిరిగి సొంతింటికి రావడం సపూర్వం. నిప్పుకో నీటికో దెబ్బతిన్న ఇంటిని బాగుచేసుకుని అడుగుపెట్టడం ద్వంద్వం. ఊరు వదిలి వచ్చినవారి ప్రవేశాన్ని ఏ లెక్కలో వేయాలి? ఇల్లు కొత్తదే, కానీ మనసులో పోయిన ఇల్లు ఇంకా నిలబడే ఉంది. ఇలాంటి వారికి దారి, నా మటుకు, వాస్తుపూజలోనే కనిపిస్తుంది.

ఆ పూజ వెనక ఉన్న మత్స్యపురాణంలోని కథ చాలామందికి తెలిసిందే. అంధకాసురుడితో పోరులో శివుడి నుదుటి చెమట నేల మీద పడింది. దాంట్లోంచి ఆకలితో ఒక మహాభూతం పుట్టి లోకాలను మింగబోయింది. దేవతలంతా కలిసి దాన్ని నేలకు అణచి, ఏ భాగాన్ని పట్టుకున్నవారు ఆ భాగం మీదే కూర్చుండిపోయారు. నడుమ బ్రహ్మ, చుట్టూ మిగిలినవారు, మొత్తం నలభై అయిదుగురు. నన్నిలా తొక్కి ఉంచితే నేనేం తిని బతకాలని ఆ భూతం అడిగింది. దేవతలు కసురుకోలేదు. ఇకమీదట ఎవరు ఇల్లు కట్టినా ముందు బలి నీకేనని వరమిచ్చారు. వాస్తుపురుషుడు అతనే.

ఈ కథలో నన్ను కదిలించేది దేవతల విజయం కాదు, ఆ వరం. ఎవరి మీద మన కట్టడం నిలబడిందో వారి ఆకలికి మనమే పూచీ అని దేవతలే ఒప్పుకున్నారు. హోమం, శాంతి అన్నీ ఈ ఋణం తీర్చుకోవడానికే. ఇంటికి వర్తించే ధర్మం విమానాశ్రయానికీ వర్తిస్తుంది. రన్‌వే కింద ఉన్నది ఒకరి వాకిలి, ఒకరి కొబ్బరితోట, ఒక ఊరి అమ్మవారి గద్దె. ఆ నేలను ఇచ్చినవారి బతుకు చల్లగా సాగేదాకా అక్కడి వాస్తుపూజ పూర్తయినట్టు కాదు.

గృహప్రవేశంలో తక్కిన తంతు అందరికీ ఎరుకే. ఆవు దూడతో ముందు నడుస్తుంది. వెనక ఇల్లాలు దీపం, దేవుడి పటం, బియ్యం, ఉప్పు, పసుపు పట్టుకుని కుడికాలు పెడుతుంది. ఆడపడుచు వచ్చి పాలు పొంగిస్తుంది, ఆ పాలతోనే పరమాన్నం. ఎంత పేదింట్లోనూ ఆవేళ నలుగురు విస్తరి ముందు కూర్చోవాలి. గృహస్థు రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో అతిథికి అన్నం పెట్టడం ఒకటి. కొత్త పొయ్యి మీద అదే మొదట జరుగుతుంది.

కొత్త ఇంట్లోకి వెళుతున్న అక్కలకూ అన్నలకూ ఒక మాట. సంకల్పంలో దేశకాలాలు చెప్పేటప్పుడు మీ పాత ఊరి పేరు కూడా పలకండి. అక్కడి అమ్మవారికి ఇక్కడ ఒక ముర్రాటనైనా పొయ్యండి. ఇరుగుపొరుగు ఊళ్లవారికి ఇంకొక మాట. ఈ కార్తీకంలో ఆ కాలనీల్లో ఎవరింట పాలు పొంగుతున్నా పిలుపు కోసం చూడకుండా వెళ్లి, వారి పంక్తిలో కూర్చుని తినిరండి.