ఓటమి యెవరిది?

కర్ణుని చావునకు కారణము లనేకములని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతను నోట పలుకుచునే, కార్యము చెడినపుడు కారణము నంతయు నొక్కరి నెత్తిన రుద్దుట మనకు పరిపాటియైనది. ఇది న్యాయమా యని విచారింపవలసి యున్నది.

సికిందరాబాదున క్రికెట్టు నేర్చిన మిథాలీ రాజ్ నాయకత్వమున భారత మహిళలు 2005లోను, 2017లోను ప్రపంచకప్పు తుదిపోరు వఱకు వచ్చి యోడిరి. మొదటిసారి ఆస్ట్రేలియాచేత 98 పరుగులతోను, రెండవసారి ఇంగ్లాండుచేత 9 పరుగులతోను పరాజితులైరి. పెద్ద ఆటలో నాయకురాలు నిలువలేదని నిందించువారు గలరు. ఆ నింద పూర్తిగా నిరాధారమని మేమనము. ఆ రెండు దినములలో ఆమె చేసినవి వరుసగా 6, 17 పరుగులు మాత్రమే. రెండవమాఱు రనౌటు కూడ అయ్యెను.

అయినను లెక్కను తుదముట్ట చూడవలెను. 2005 సెమీఫైనలున న్యూజీలాండుపై 91 పరుగులతో అజేయముగా నిలిచినది ఆమెయే. 2017లో, ఓడినచో ఇంటిదారి పట్టవలసిన యాటలో, ఆ న్యూజీలాండుపైననే 109 పరుగులు చేసినదియు నామెయే. తుదిపోరున లక్ష్యము 229. ఆమె వెడలినపుడు స్కోరు 43. పిమ్మట పూనమ్ రౌత్, హర్మన్‌ప్రీత్ కౌర్ ఆటను నిలువబెట్టగా, మూడు వికెట్లకు 191 పరుగులైనవి. అచ్చటినుండి 28 పరుగులలో ఏడు వికెట్లు కూలెను. ఆన్యా ష్రబ్‌సోల్ 46 పరుగులిచ్చి ఆఱు వికెట్లు తీసెను. ఓడినవారి దోషములు వెదకువారు గెలిచినవారి నేర్పును మఱచుచున్నారు.

గీతయందలి 18వ అధ్యాయము ఏ కార్యమునకైనను అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధచేష్టలు, దైవము అని యైదు కారణములు చెప్పుచున్నది. తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడనియు ననుచున్నది. తనయెడ నహంకారమైన యా తలంపే పరులయెడ నన్యాయమగును.

అట్లయిన నెవ్వరికిని దోషమే లేదా యని కొందఱడుగవచ్చును. ఉన్నది. ఎవరి చేతిలో నున్న పనికి వారే దోషులు. నాయకురాలు జట్టు పక్షమున సమాధానము చెప్పవలసినదే; అది బాధ్యత. బాధ్యత వేఱు, దోషము వేఱు. గెలుపును పదునొకండుగురికి పంచి, ఓటమిని మాత్ర మొక్కరికి కట్టబెట్టుట ధర్మము గాదు.

ఇది ఆటతో ముగియు విషయము గాదు. మా సంజామల నల్లరేగడిలో వాన వెనుకబడి శనగ చెడిన యేట, కోడలు కాలుమోపిన వేళ మంచిది కాదని యొక మాట పుట్టును. మేఘమును నిలదీయలేము, విత్తనమమ్మినవానితో వాదింపజాలము, బదులు చెప్పలేని పిల్ల యెదుట నున్నది. నింద తఱచుగా దోషమున్నచోటికి గాక, ఎదురు చెప్పు బలము లేనిచోటికి పోవుచున్నది. కుటుంబములు దీనిని గుర్తింపకున్నంతకాలము మన సంస్కారము పుస్తకములకే పరిమితము.

2025లో హర్మన్‌ప్రీత్ నాయకత్వమున మన మహిళలు ఆ కప్పును గెలిచిరి. మన పొరుగు కడప జిల్లా బిడ్డ శ్రీచరణియు నా జట్టున నుండెను. ఆ గెలుపును మిథాలీ నిందకు సాక్ష్యముగా జూపరాదు. తొలగింపబడిన ముళ్ళదారిని నడచినవారు, ముళ్ళు తొలగించినవారిని తలచుకొనుట న్యాయము. ఇంటనైనను, ఆటనైనను, వేలు చూపుటకు ముందు లెక్క చూచుకొందము.