విద్యకు వెల

విద్య యిచ్చినకొలది పెరుగునని మనవారు పసితనమునందే నేర్పుదురు. కాని విద్యను మోయు పుస్తకమునకు కాగితము కావలెను, అచ్చు కావలెను, వ్రాసినవానికి అన్నము కావలెను. విద్యకు వెల లేదనుట ఎంత సత్యమో, పుస్తకమునకు వెల కలదనుటయు నంత సత్యమే.

2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయముల ముద్రణాలయములు, మరియొక ప్రచురణ సంస్థయు కూడి, ఢిల్లీ విశ్వవిద్యాలయముపైనను, అందలి చిన్న ఫోటోకాపీ దుకాణముపైనను వ్యాజ్యము వేసినవి. గ్రంథభాగములకు ప్రతులు తీసి, పాఠ్యసంపుటములుగా కూర్చి విద్యార్థుల కమ్ముట తమ హక్కునకు భంగమని వాటి వాదము. బోధనకు అవసరమైన మేరకు ప్రతులు తీయుటను 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము అనుమతించునని 2016లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము పలికినది. 2017లో వాదులు వ్యాజ్యమును విరమించుకొనిరి.

చట్టము తన మాట చెప్పి యూరకున్నది, ధర్మ మూరకుండదు. గ్రంథకర్త శ్రమకు ప్రతిఫల మీయవలదా? ఈయవలసినదే. ఐనను దానిని పుస్తకము కొనలేని విద్యార్థినుండియే రాబట్టవలెనా?

2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలసి ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. వేరొక త్రోవ చూపినది. పాఠము సిద్ధపరచు వ్యయము ప్రజాధనమునుండి. వినగోరు వారికెల్ల పాఠ ముచితము. ఇచట వ్యయము మాయము కాలేదు. దానిని మోయు భుజము మారినది.

వేసవిలో ఊరంతయు కూడి చలివేంద్రము పెట్టును. నీరు మోసినవానికి కూలి యిచ్చుటయు, దప్పిగొన్నవానిని వెల యడుగకుండుటయు, రెండును ఊరి ధర్మములే. ఒకదానికై రెండవదానిని విడువ నక్కరలేదు.