ఎర్ర దీపం

రాజమండ్రిలో ఒకాయనకి 1968 నాటి మార్క్ టూ అంబాసిడర్ ఉండేది. రాత్రిపూట హెడ్‌లైట్లు వేస్తే చాలు, డ్యాష్‌బోర్డులో చార్జింగ్ దీపం సన్నగా ఎర్రగా వెలిగేది. కుర్ర మెకానిక్ డైనమో విప్పి బ్రష్‌లు మార్చాడు. దీపం ఆరలేదు. విసుగొచ్చి బల్బే పీకేసి, "ఇక గొడవ లేదు సార్" అన్నాడు. ఆయనకీ అదే హాయిగా తోచింది.

ఓ రాత్రి అన్నవరం దారిలో ఫ్యాన్ బెల్టు తెగింది. డైనమోనీ, నీళ్ల పంపునీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. దీపం ఉండుంటే ఆ క్షణమే భగ్గుమనేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నేదాకా ఆయనకి సంగతే తెలియలేదు.

ముసలి మేస్త్రి కొత్త బెల్టు వేసి, "బల్బేదండీ?" అని అడిగాడు. తనే తెచ్చి పెట్టాడు. "దీనికి ఒక పక్క ఇగ్నిషన్ వైరు, ఇంకో పక్క డైనమో వైరు బాబూ. రెండు పక్కలా ఓల్టేజీ సమానమైతే ఆరుతుంది, తేడా వస్తే వెలుగుతుంది. డైనమో బాగానే ఉందంటే ఇగ్నిషన్ పక్క చూడాలి కదా!"

ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేయించి, డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఉండే కటౌట్ పెట్టె దగ్గర వైర్లను ఒక్కొక్కటే వేళ్లతో తడిమాడు. గోధుమరంగు వైరు కొస కాలుతోంది. అక్కడ మర వదులు, రాగి మీద పచ్చటి చిలుము. హెడ్‌లైట్ల లోడు పడగానే ఓల్టేజీ అక్కడే జారిపోతోంది. బండి ఆపి, బ్యాటరీ వైరు తీసి, రాగి మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది మర బిగించాడు. ఈసారి దీపం కారణం తీరి ఆరింది.

నీతి: హెచ్చరించే గొంతు నొక్కితే చెడు ఆగదు, అది మన కంటపడకుండా పెరుగుతుంది. లెక్కల్లో తప్పుందని చెప్పే గుమాస్తాని విసుక్కునే యజమానికీ ఇదే వర్తిస్తుంది. ఇక బళ్ల సంగతికొస్తే, డైనమోకి బదులు ఆల్టర్నేటర్ ఉన్న పాత బళ్లలో చాలావాటికి చార్జింగ్ మొదలుపెట్టే తొలి కరెంటు ఈ బల్బు గుండానే వెళ్తుంది. దాన్ని పీకేస్తే చార్జింగే అందుకోకపోవచ్చు. అందుకే స్టార్ట్ చేసేముందు తాళం తిప్పి ఎర్ర దీపం వెలిగిందో లేదో చూడండి. వెలగకపోతే ముందు బల్బు మార్చండి, అప్పటికీ రాకపోతే హోల్డరూ దాని వెనకాల వైర్లూ చూపించండి.