పేరు ఒకరిది, చిరునామా వేరొకరిది



గత మాసమున మా పేరిట ఒక ఈ-మెయిల్ మన సంఘములో ఇద్దరికి చేరెను. "మేము కూటములో ఉన్నాము, ఫోను చేయవద్దు. ఆసుపత్రిలోనున్న బిడ్డకు సహాయము కావలెను. అయిదు వేల రూపాయల గిఫ్ట్ కార్డులు కొని, వాటి సంఖ్యలు వెంటనే పంపుడి" అని అందులో నుండెను. మేము దానిని వ్రాయలేదు. పాఠశాలలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక సహోదరి, పేరు మాత్రమే చూచి ఆ సాయంకాలమే పంపివేసిరి. సంగతి తెలిసిన తరువాత సిగ్గుపడి రెండు వారములు ఎవరికిని చెప్పలేదు. సంఘపెద్ద ఒకరు పేరును వ్రేలితో నొక్కి, దాని వెనుకనున్న చిరునామా చదివిరి. అది మాది కాదు. ఆయన మరునాడు మా యింటికి వచ్చి, "అయ్యగారూ, మీ ఉత్తరాన్నే అనుమానించాను, క్షమించండి" అనిరి.

నమ్ముట ప్రేమ లక్షణమైనయెడల, పరీక్షించుట ప్రేమకు విరోధమా?

మొదట సంగతి తెలిసికొందము. ఈ-మెయిల్ పైన కనబడు పేరు పంపువాడు తన యిష్టప్రకారము వ్రాసికొనునదే. 1982లో ఈ ఉత్తరములు చేరవేయు నియమము ఏర్పడినప్పుడు, పంపినవాడెవడో పరీక్షించు ఏర్పాటు అందులో లేదు. తరువాత కాపుదలలు చేర్చబడినను మోసము ఆగలేదు. పాదిరుల పేరిట గిఫ్ట్ కార్డులడుగు మోసమును గూర్చి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించెను. కాబట్టి చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాతి భాగమును చివరనుండి చదువవలెను. 'డాట్ కామ్' అను తోకకు ఆనుకొని ముందున్న మాటయే యజమానిని తెలుపును. అంతకు ముందు ఏ బ్యాంకు పేరున్నను లెక్కకు రాదు. జీమెయిల్ వంటి ఉచిత చిరునామా ఎవరైనను తెరువవచ్చును గనుక, గుర్తుకు ముందున్న భాగమును అక్షరమక్షరము పోల్చవలెను. ఆంగ్లములో ఆర్, ఎన్ ప్రక్కప్రక్కన నున్నచో ఎమ్ వలె కనబడును. చిరునామా సరిగానున్నను, దానినే దొంగ చేజిక్కించుకొని యుండవచ్చును. అందుచేత ధనము అడిగినప్పుడు, ఉత్తరములోని నంబరుకు గాక మనకు ముందునుండి తెలిసిన నంబరుకు ఫోను చేయవలెను.

గిబియోనీయులు యెహోషువ యొద్దకు పాత చెప్పులతోను బూజుపట్టిన రొట్టెలతోను వచ్చిరి. వారి ఊరు ఎక్కడనో అడిగిరి గాని, పెద్దలు రొట్టెను చూచి వారి జవాబును పరీక్షింపకయే నమ్మిరి. మూడు దినములైన తరువాత వారు పొరుగువారేయని తెలిసెను. పౌలు దినములలోను అపొస్తలుల పేరిట అబద్ధపు పత్రికలు వచ్చు భయముండెను. అందుచేత ఆయన థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక చివర తన చేతితో వందనము వ్రాసి, అదియే తన ప్రతి పత్రికకు గుర్తని తెలిపెను. పరీక్షింపబడుటను ఆయన అవమానముగా ఎంచలేదు. పరీక్షించు సాధనమును తానే యిచ్చెను.

కాబట్టి ఆ పెద్దగారు మమ్మును అనుమానింపలేదు. మా పేరు ధరించినవానిని అనుమానించిరి. ఆ సహోదరి ప్రేమయు తప్పు కాదు. అయితే రోగికి చేరవలసిన కానుక దొంగకు చేరెను. పరీక్షించుట ప్రేమను తగ్గించుట కాదు, ప్రేమను దాని చోటికి చేర్చుటయే.

తప్పు మాయందును కలదు. అత్యవసరమని మేమే పలుమార్లు ఫోనులో సందేశములు పంపి, ప్రశ్నింపక యిచ్చినవారిని మెచ్చుకొంటిమి. దొంగ మా అలవాటునే అనుకరించెను. ఇకమీదట ధనము కావలసినయెడల ఆదివారమున సంఘము ఎదుటనే అడుగుదుము. ఇదియే మా గుర్తు.

మోసపోయినవారు సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసినచో కొన్నిసార్లు డబ్బు ఆపగలరు. ఆలస్యము దొంగకే లాభము. ఇక మా పేరిట ఉత్తరము చూచి, "అయ్యగారూ, ఇది మీరేనా?" అని ఎవరడిగినను, అర్ధరాత్రియైనను సంతోషముతో జవాబిచ్చెదము.