పాడితే నొప్పి పోతుందా? పోకపోతే భక్తి లేనట్టా?



ఇవాళ భద్రాచల రామదాసు గారి గురించి ఒక ప్రశ్న. ఆయన మనకు పరాయివారేం కాదు. ఆయన పుట్టిన నేలకొండపల్లి, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండేది. తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు ఉన్నారని చెప్తారు. ఆ బందీఖానాను ఇప్పటికీ కోటలో చూపిస్తారు. మరి అంత బాధలో పాడిన పాట ఆయన నొప్పిని తీసేసిందా?

ముందు సైన్స్ మాట చూద్దాం. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పేదీ మెదడే, అది ఎంత భరించరానిదో తేల్చేదీ మెదడే. అందుకే భయం నొప్పిని పెంచుతుంది, నచ్చిన పాట కొంత తగ్గిస్తుంది. 2025లో డెన్మార్క్‌లోని ఆర్హస్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు చెప్పారు. కొందరికి చేతి కండరంలో కొన్ని రోజులు నొప్పి ఉండేలా ఇంజెక్షన్ ఇచ్చారు. సంగీతం రానివాళ్ల మెదడులో ఆ చేతికి ఉన్న మ్యాప్ రెండు రోజుల్లోనే కుంచించుకుపోయింది. ఏళ్ల తరబడి వాద్య సాధన చేసినవాళ్లలో అలా జరగలేదు, నొప్పి కూడా తక్కువే అనిపించింది. అయితే అది సుమారు 40 మందితో చేసిన చిన్న ప్రయోగమే.

అంటే భజన చేస్తే మాత్రలు అక్కర్లేదా? అలా కాదు. మనం జారిపోయేది ఇక్కడే. మంచం పట్టిన అమ్మమ్మతో "రామనామం అనుకో, అన్నీ పోతాయి" అంటాం. పోకపోతే? తన భక్తిలోనే లోపం ఉందని ఆమె కుమిలిపోతుంది. నొప్పి మీద నింద కూడా వేసినట్టే కదా!

రామదాసు గారినే చూడండి. దెబ్బలకు తాళలేక రాముణ్ణే నిలదీశారు, చేయించిన నగల లెక్కలు చెప్పారు, ఆ తర్వాత బాధకు ఓర్వలేక తిట్టానని వేడుకున్నారు. నొప్పి తెలియని మనిషి అలా పాడడు. అయినా ఆయన భక్తిని ఎవరూ తక్కువ చేయరు. గీత రెండో అధ్యాయం 14వ శ్లోకంలో కృష్ణుడు కూడా దుఃఖం ఉండదనలేదు. వస్తుంది, పోతుంది, ఓర్చుకో అన్నాడు.

పాట ఆయన సంకెళ్లు తెంచలేదు. ఆ చీకట్లో మాట్లాడుకోవడానికి ఒకరిని ఇచ్చింది. కాబట్టి ఈసారి అమ్మమ్మకు టైముకి మాత్ర ఇవ్వండి, ఏ పాట ఇష్టమో అడిగి పక్కన కూర్చుని పాడండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. రాముడు అది కూడా వింటాడు.