అర్పణము తరువాతి నిరీక్షణము

 

హైదరాబాదు నుండి షోలాపురమునకు పోవు రాజమార్గమున జహీరాబాదు దాటిన పిమ్మట కొంత దూరములోనే బసవన్న నడయాడిన కల్యాణపు సీమ కానవచ్చును. ఆ దారి ప్రక్క పల్లెలలోని ఒక లింగాయత గృహమును మనస్సునందు నిలుపుకొనుడు. తండ్రి చిన్న కిరాణా దుకాణము నడుపుచుండును. కుమార్తె పట్టభద్రురాలు. పట్టణమునందలి టైపు ఇన్‌స్టిట్యూటులో లోయరు, హయ్యరు రెండును ముగించి, షార్టుహ్యాండు కూడ నేర్చినది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి స్టెనో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టి, వ్రాతపరీక్ష యందు నెగ్గి, నైపుణ్య పరీక్షకు పిలుపు నందుకొనినది.

ఆ పరీక్ష స్వరూపము తెలియని పెద్దల కొఱకు రెండు మాటలు చెప్పవలయును. 'డి' శ్రేణికి నిమిషమునకు 80 పదముల చొప్పున, 'సి' శ్రేణికి 100 పదముల చొప్పున, 10 నిమిషముల సేపు ఒకరు చదువుదురు. అభ్యర్థి దానిని గుర్తులలో వ్రాసికొనవలయును. పిమ్మట ఆ గుర్తులను చూచుచు పాఠమంతయు కంప్యూటరుపై టైపు చేయవలయును. ఆంగ్లమైనచో దీనికి 'డి' శ్రేణివారికి 50, 'సి' శ్రేణివారికి 40 నిమిషముల గడువు కలదు. చెవికి అందని మాట పోయినట్లే. మరల చదువుమని అడుగుటకు వీలులేదు. ఏండ్ల తరబడి చేసిన సాధన ఒక్క గంటలో తేలిపోవును. గంట ముగియును. తెర ఆరిపోవును. ఆమె బస్సెక్కి యింటికి వచ్చును. అప్పటినుండి ఆ యింట మరియొక పరీక్ష మొదలగును. దానికి గడువు ఎవ్వరును చెప్పరు.

ఉదయముననే స్నానము చేసి, విభూతి ధరించి, ఎడమ అరచేతియందు ఇష్టలింగము నుంచుకొని ఆమె కూర్చుండును. చూపు లింగముపై నిలువదు. ప్రక్కన నేలపై నున్న సెల్‌ఫోను ఒక్కమారు గుఱ్ఱుమనిన చాలును, దృష్టి అటు పోవును. చూచినచో అది ఏ బ్యాంకువారి ప్రకటనయో, మేనమామ పంపిన శుభోదయమో అయి యుండును. ఎడమచేత నొక దైవము, కుడిచేతి ప్రక్కన మరియొక దైవము! ఏకలింగ నిష్ఠను నమ్మినవారి యింటనే ఇట్లు రెండవ పీఠము వెలయుచున్నది. వాకిట కలిసిన ప్రతివారును "ఫలితము వచ్చినదా అమ్మా?" అని అడుగుదురు. తండ్రి మాత్రము అడుగడు. ఆయన అడుగకుండుటయే ఆమెకు ఎక్కువ బరువు. తల్లి రహస్యముగ ఎవరినో జాతకము చూడుమని కోరుచుండును. తారాబలమును, దినశుద్ధిని లెక్కింపని శరణుల సంతతి యందు ఇది జరుగుచున్నది.

మనస్సు కలతపడుట దోషమని ఇచట చెప్పుట లేదు. పొట్టకూటికి సంబంధించిన విషయమున ఫలాపేక్ష వలదని బోధించుట, నెలనెల పింఛను అందుకొనువారికి మిక్కిలి సులభము. అట్టి బోధ ఆకలిగొన్న యింట చెల్లదు. బసవన్న కూడ అట్లు బోధింపలేదు. ఆయన కాయకమును కోరెను. కాయకమునకు తగిన ప్రతిఫలమును కాదనలేదు. ఆ ప్రతిఫలము న్యాయమైనది కావలయుననియు, అందుండి దాసోహము జరుగవలయుననియు మాత్రమే నిర్ణయించెను. కావున ఫలితమునకై ఎదురు చూచుట తప్పు కాదు. ఎట్లు ఎదురు చూడవలయునన్నదే విచారింపవలసిన విషయము.

షట్‌స్థలములలో భక్తస్థలము, మాహేశ్వరస్థలము అను రెండింటి పిమ్మట ప్రసాదిస్థలము మూడవది. పదార్థము లింగమునకు అర్పింపబడి ప్రసాదమగును. అర్పింపక ముందు అది మన వండిన అన్నము. అందు ఉప్పు చాలినదా, పులుపు ఎక్కువైనదా అను విచారము ఉచితమే. అర్పించిన పిమ్మట అది ప్రసాదము. దానిని తిరిగి పొయ్యిమీద కెక్కించుట లేదు. నైపుణ్య పరీక్ష యందు అభ్యర్థి తన పాఠమును అప్పగించిన క్షణము అర్పణ క్షణము. అంతవరకు వ్రేళ్ళు ఆమెవి, చెవి ఆమెది, శ్రద్ధ ఆమెది. అప్పగించిన పిమ్మట ఆ పాఠము ఆమెది కాదు. రాత్రులందు మేలుకొని "ఆ నాలుగవ వాక్యమున ఒక పదము విడిచితినేమో" అని మరల మరల టైపు చేయుచుండుట అర్పించిన దానిని వెనుకకు లాగుకొనుట వంటిది.

కాని ఇచట ఒక చిక్కు కలదు. నెగ్గినచో ప్రసాదమనుట సులభము. ఓడినప్పుడో? ఓటమిని కూడ ప్రసాదమనుట విధికి తల వంచుట కాదా అని యువకులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. తలవ్రాత యని చేతులు ముడుచుకొనుట శరణమార్గము కాదు. ప్రసాదమునకు ఒక నియమము కలదు, పళ్ళెమున విడువరాదు. మెతుకు మిగులకుండ స్వీకరించి, పళ్ళెము కడిగిన నీటిని సయితము త్రాగు నిష్ఠాపరులను నేటికిని చూడవచ్చును. ఫలితమును కూడ అట్లే స్వీకరింపవలయును. అనుకూలముగ రానిచో పేరు లేదని చూచి కాగితము పారవేయుట ప్రసాదమును పారవేయుటయే. మార్కు లెన్ని, తప్పు లెన్ని, ఎన్ని పదములు జారిపోయినవి, వేగమున కొఱతయా లేక గుర్తులను చదువుకొనుట యందు కొఱతయా అని తుదివరకు చూచి, దానినుండి పొందవలసిన దంతయు పొందవలయును. చేదైన ప్రసాదము చేదుగానే యుండును. తీపియని నటింపుమని ఏ గురువును చెప్పడు. ఆ రాత్రి ఆమె ఏడ్చినచో ఏడ్వనిండు.

ఇక ఫలితము వచ్చులోపలి నెలల మాట. ఇది అన్నింటికంటె ముఖ్యము, ఏలయన చాలమంది జీవితములు చెడునది ఇచటనే. నులియ చందయ్య కథ శరణ బంధువులకు తెలిసినదే. ఆయన గడ్డి కోసి, నులక పేని, అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము చేయువాడు. ఒకనాడు నీటి యొడ్డున గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినది. చందయ్య దానికొఱకు పని నాపలేదు. గడ్డిమోపు కట్టుకొని తన దారిని పోయెను. లింగమే ఆయన వెంటబడి వచ్చినదని శరణులు చెప్పుదురు. లింగమును కించపరచుటకు చెప్పిన కథ కాదిది. లింగము కొఱకైనను ఆగని కాయకము ఒక ఫలితపత్రము కొఱకు ఏల ఆగవలయును? స్టెనో పరీక్ష వ్రాసిన యువతి ఆ నెలలలో తండ్రి దుకాణపు లెక్కలు కంప్యూటరున కెక్కింపవచ్చును. ఏ న్యాయవాది వద్దనో కాగితములు టైపు చేయవచ్చును. తాను నేర్చిన ఇన్‌స్టిట్యూటులోనే చిన్న పిల్లలకు వ్రేళ్ళు నిలుపుట నేర్పవచ్చును. వేగము కూడ తగ్గకుండ నుండును. షార్టుహ్యాండు పది దినములు విడిచినచో అది మనలను నెల దినములు విడుచునని నేర్చినవారు చెప్పుదురు. అడ్డుపడునది పని దొరకమి కాదు. "ప్రభుత్వోద్యోగము రాబోవు పిల్ల ఒకరి వద్ద నాలుగు వేలకు టైపు కొట్టుటా?" అను బంధువుల మాట. నులక పేనిన చేతిని, కట్టెలు మోసిన భుజమును, చెప్పులు కుట్టిన సూదిని పూజార్హములని నమ్మిన సమాజమున ఈ మాట ఎట్లు పుట్టినదో పెద్దలు ఆలోచింపవలయును.

ఆయ్దక్కి మారయ్య కూడ ఒకమారు అనుభవగోష్ఠిలో మునిగి, తన బియ్యపు గింజలు ఏరుకొను పనిని మరచెను. భార్య లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచినది, లెమ్మని హెచ్చరించెను. అనుభవ మంటపమున ప్రభుదేవుని మాటలు వినుట సయితము పని మానుటకు కారణముగ ఆమె ఒప్పుకొనలేదు. ఆ లక్కమ్మయే మరియొక దినమున, భర్త నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చినందున, ఇది మనది కాదు, తిరిగి ఇచ్చి రమ్మని పంపెను.

నిరీక్షణ కాలమున ఈ రెండవ కథ మరియెక్కువ అవసరము. ఎదురుచూచు యింటికి దళారి వచ్చును. "పై వారు తెలియుదురు, పేరు పట్టికలో ఎక్కింతుము, ఇంత ఇండు" అనును. భూమి అమ్మి యిచ్చినవారు కలరు. ఇచ్చి మోసపోయినవారి కంటె, ఇచ్చి ఉద్యోగము పొందినవారి కథ శరణదృష్టికి మరింత దుఃఖకరము. ఆ పిడికెడు బియ్యము మరియొకరి యింటిది. తెలంగాణమున 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. అక్టోబరులో రెండు లక్షలకు పైగా అభ్యర్థులు ప్రాథమిక పరీక్ష వ్రాసిరి. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని తెలిసి 2023 మార్చిలో దానిని రద్దు చేసిరి. జూనులో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటనయే ఉపసంహరింపబడి, 563 ఉద్యోగములకు క్రొత్తది వెలువడినది. కొందరి దొంగదారి లక్షలమంది నిరీక్షణను ఏండ్లకు సాగదీసినది. సదాచారము, అనగా న్యాయార్జనము, పంచాచారములలో ఒకటి యని బాల్యమున వల్లెవేసినవారు దళారికి కుర్చీ వేయక ముందు లక్కమ్మను తలంపవలయును. సాధారణముగ ఇట్టి విషయములలో యింటి ఆడువారే మొదట వద్దనుదురు. వారి మాట వినని మగవారే చెడుదురు.

బసవన్న జీవితముననే ఒక పరీక్షా సందర్భము కలదు. కల్యాణమున ఆయన బిజ్జలుని భాండారి. ధనమంతయు జంగములకు వెచ్చించుచున్నాడని కొందరు రాజునకు చాడీలు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవన్న నిర్భయముగ చూపెను. లెక్కింపగా ధనము తరుగలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దీనిని మహిమగా వర్ణించినాడు. మహిమను నమ్మువారు నమ్ముదురు గాక. కరణీకము తెలిసినవారికి ఇందు మరియొక అర్థము కూడ తోచును. దినదినము లెక్క శుద్ధిగా వ్రాసినవానికి, రాజు లెక్కపెట్టుచున్న ఆ కొంతసేపు కంపము పుట్టదు. ఏ పరీక్షకైనను ఇదియే వర్తించును. సాధన సరిగా జరిగిన చోట నిరీక్షణము బరువుగా నుండునేగాని భయముగా నుండదు.

ఇంతవరకు చెప్పినది ఎదురు చూచువారికి. ఎదురు చూడజేయువారికి చెప్పవలసినది మిగిలియున్నది. ఈ మాట ప్రభుత్వ కార్యాలయములకు చేరునో లేదో గాని, ఈ పత్రిక చేరు మఠములకును, మఠముల ఆశ్రయమున నడచు పాఠశాలలు, కళాశాలల కార్యవర్గములకును తప్పక చేరును. ఉపాధ్యాయ పదవికి ఒక అభ్యర్థిని పిలుతురు. పిల్లల ముందు ఒక గంట పాఠము చెప్పింతురు. ధ్రువపత్రముల అసలు ప్రతులు తీసికొందురు. "తెలియజేయుదుము, వెళ్ళి రమ్ము" అందురు. ఎంపికయైన వానికి తెలియజేయుదురు. మిగిలిన ఇరువది మందికి మౌనమే సమాధానము. ఆ మౌనమును నమ్ముకొని మరియొక చోట వచ్చిన చిన్న ఉద్యోగమును వదలుకొనినవారు వారిలో ఉందురు. అసలు ప్రతుల కొఱకు మూడుమార్లు ఛార్జీలు పెట్టుకొని తిరిగినవారు ఉందురు. వేలమందికి నిత్యదాసోహము జరుగు చోటనే, వంటశాల కెదురుగా నున్న కార్యాలయపు వాకిట ఒకడు ఆకలితో కాక ఆశతో నిలువబడి యుండును. వానికి పంక్తి లేదు.

అల్లమప్రభువు కల్యాణమునకు వచ్చి బసవన్న వాకిట నిలిచిన ఘట్టము శూన్యసంపాదన యందు ప్రసిద్ధము. బసవన్న అప్పుడు లింగపూజలో నుండెను. హడపద అప్పన్నను పంపి లోనికి రమ్మని పిలిపించెను. ప్రభువు రాలేదు. ఒకరిచేత పిలిపించుటలో గల కొఱతను చెన్నబసవన్న ఎత్తి చూపెను. అప్పుడు బసవన్న పూజనుండి లేచి, తానే వాకిటికి వచ్చి పాదములపై బడెను. లోపల చేయుచున్న పని ఎంత పవిత్రమైనదైనను, వాకిట నిలిచినవానిని నిలువబెట్టుట అపచారమని ఆ మహానుభావుడు ఒప్పుకొనెను.

నేటి కార్యవర్గములను పూజనుండి లేచి రమ్మనుట లేదు. పరీక్ష జరిగిన దినముననే ఫలితము ఏ తేదీకి తెలుపుదురో చెప్పవచ్చును. అసలు ప్రతులు చూచి అప్పుడే తిరిగి ఇచ్చివేయవచ్చును. ఎంపిక కానివారి పేర్లును, ఫోను నంబర్లును దరఖాస్తుల కట్టలోనే యున్నవి. పాఠము ఎచట బాగున్నదో, ఎచట కొఱవడినదో తెలుపుచు ఒక్కొక్కరికి రెండు పంక్తులు పంపుటకు కార్యాలయపు గుమాస్తాకు ఒక పూట చాలును.